లెక్కల టీచర్లు కావాలి సరే, చదువుకునే రెండేళ్లు వాళ్లేం తిని బతకాలి?

పదో తరగతి ఫలితాలొచ్చిన ప్రతిసారీ "సర్కారు బళ్లలో లెక్కలు ఎందుకిట్లున్నాయి సార్?" అని అడుగుతారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ని కాబట్టి ఆ ప్రశ్న తిన్నగా నా మీదికే వస్తుంది. ఈసారి నేనొకటి అడుగుతా. లెక్కల్లో చురుకైన పిల్ల డిగ్రీ అయ్యాక టీచర్ శిక్షణ కోర్సు బీఈడీలో ఎందుకు చేరాలి?

ఒకప్పుడు బీఈడీ ఏడాది కోర్సు. టీచర్ల శిక్షణకు నియమాలు పెట్టే ఎన్‌సీటీఈ 2014 నిబంధనలతో రెండేళ్లయింది. మంచిదే. ఆ రెండో ఏడాది ఖర్చు ఎవరు భరించాలో మాత్రం ఎవరికీ పట్టలేదు. అదే పిల్ల ఏ కార్పొరేట్ బడిలోనో ఫౌండేషన్ క్లాసులు చెప్పుకుంటే నెల తిరిగేసరికి జీతం. బీఈడీ అంటే రెండేళ్లు సున్నా, ఆపైన టెట్ అనే అర్హత పరీక్ష, ఆపైన ఉద్యోగానికి డీఎస్సీ. తెలంగాణలో 2017 టీఆర్టీ (అప్పట్లో డీఎస్సీకి ఆ పేరు) తర్వాత మళ్లీ 2024లోనే కదా వచ్చింది! ఆంధ్రలో 2018 తర్వాత 2025.  

"ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందిగా" అంటారు. ఉంది. అది కాలేజీకి పోయే డబ్బు, అదీ ప్రభుత్వం ఇచ్చినప్పుడు. బకాయిలు పేరుకుపోయి 2025లో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టిన సంగతి పేపర్లో చూసే ఉంటారు. మా బంధువుల అమ్మాయికి కోర్సు అయిపోయాక "గవర్నమెంటు పైసలు రాలేదు, నువ్వే కట్టి సర్టిఫికెట్లు తీసుకుపో" అన్నారు. ఒరిజినల్స్ లేకుండా వెరిఫికేషన్‌కు పోవడం కుదరదు కదా, మిత్తికి తెచ్చి కట్టారు.

మరి తిండికి, గది కిరాయికి? ఆంధ్రలో 2020లో వసతి దీవెన పేరుతో డిగ్రీ, ఆపై చదువులకు ఏడాదికి 20,000 పెట్టారు. ఆలోచన మెచ్చుకోవాల్సిందే. కానీ నెలకు 1,667 రూపాయలు. మెస్ బిల్లుకే చాలదు.

అందుకే ఏం జరుగుతోందంటే, స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు కావాలి, బతకడానికి పని కావాలి. పిల్లలు ప్రైవేటు బళ్లలో పాఠాలు చెప్పుకుంటుంటే కాలేజీకి పోకపోయినా రిజిస్టర్లో హాజరు దానంతటదే పడుతుంది. రికార్డులు డబ్బిచ్చి రాయించుకుంటారు. వాళ్లను తిట్టబుద్ధి కాదు నాకు. కానీ ఇంటర్న్‌షిప్‌కని మా బడికి వచ్చినప్పుడు తెలుస్తుంది. మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకొస్తుందని ఏడో తరగతి పిల్లాడు అడిగాడు. "రూల్ అంతే, రాసుకో" అంది వచ్చినామె. ఆమెకు లెక్కలు రాక కాదు, డిగ్రీలో మంచి మార్కులే. ఆ "ఎందుకు"ను పన్నెండేళ్ల పిల్లాడికి విప్పి చెప్పడం ఓపిగ్గా కూర్చుని నేర్చుకోవాల్సిన విద్య. పొద్దున బడి, సాయంత్రం ట్యూషన్లు. కూర్చునే తీరిక ఆమెకేది?

ఇదేం నేను కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 2020 జాతీయ విద్యా విధానం అయిదో అధ్యాయం తీసి చూడండి. నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఈడీ (డిగ్రీ, బీఈడీ కలిపి) చదివేవాళ్లకు పెద్ద సంఖ్యలో మెరిట్ స్కాలర్‌షిప్పులు, పల్లె ప్రాంతాల్లోనైతే చదువయ్యాక సొంత ప్రాంతంలోనే ఉద్యోగంలో ప్రాధాన్యం అని రాసి ఉంది. ఆ నాలుగేళ్ల కోర్సు 2023లో మొదలైంది, వరంగల్ ఎన్ఐటీలో కూడా ఉంది. స్కాలర్‌షిప్పు మాత్రం నాకు తెలిసిన ఒక్క పిల్లకూ అందలేదు. కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000. మ్యాథ్స్‌తో బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివే మెరిట్ పిల్లలకు వస్తుంది, బీఈడీకి రాదు.

ఇంగ్లండ్‌లో 2025-26లో లెక్కల టీచర్ శిక్షణకు 29,000 పౌండ్ల బర్సరీ (శిక్షణ కాలానికి ఇచ్చే భత్యం) ఇచ్చారు. అమెరికాలో నాయ్స్ స్కాలర్‌షిప్ ఉంది: ఒక ఏడాది డబ్బు తీసుకుంటే టీచర్ల కొరత ఉన్న చోట రెండేళ్లు పనిచేయాలి. మనకు ఆ పౌండ్లు వద్దు, ఈ షరతు చాలు. బాండు రాయించుకోండి, ఏజెన్సీ మండలాల్లో వేయండి, వెళ్తారు.

లెక్కల మాస్టర్ని కాబట్టి ఖర్చూ కట్టి చూశాను. ఏటా వెయ్యి మంది మ్యాథ్స్ బీఈడీ విద్యార్థులకు నెలకు 8,000 చొప్పున పది నెలలిస్తే 8 కోట్లు. రెండు బ్యాచులకు 16 కోట్లు. తెలంగాణ 2025-26 బడ్జెట్‌లో విద్యకు చూపించింది 23,108 కోట్లు. శాతం మీరే కట్టుకోండి.