ఆ పిల్ల లెక్క తప్పు కాదు

ఒళ్లు మండిపోతోంది. నిన్న ఒడిశాలోని మా పర్లాకిమిడి సైన్స్ ఎగ్జిబిషన్‌లో మా మేనకోడలి మోడల్‌ని జడ్జిగారు రెండు నిమిషాల్లో తీసిపారేశారు. "టెలిస్కోపు ఎప్పుడూ ఆకాశంలో ఒకే ముక్కని చూస్తుందంటున్నావు. మరి నక్షత్రం ఒక సీజన్‌లో కనబడి ఇంకో సీజన్‌లో ఎక్కడికి పోతుంది? అంతరిక్షంలో సీజన్లేమిటి?" అన్నారు. పక్కనే ఉన్నాను, నా చెవులతో విన్నాను.

అయ్యా, అది వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల్ని వెతకడానికి 2009లో నాసా అంతరిక్షంలోకి పంపిన కెప్లర్ టెలిస్కోపు. హంస, వీణ నక్షత్రమండలాల వైపే చూసింది, నిజమే. కానీ దాని సోలార్ పలకలు ఒంటికే బిగించి ఉన్నాయి. సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే వాటికి ఎండ తగలొద్దా? అందుకే సుమారు మూడు నెలలకోసారి దాన్ని 90 డిగ్రీలు తిప్పేవారు. చూపు అటే ఉండేది, లోపలి డిటెక్టర్, అంటే వెలుగుని పట్టే చిప్‌ల పలక, తిరిగిపోయేది. మధ్యలో ఉన్నవి తప్ప మిగతా నక్షత్రాలు ఒక్కో తిప్పుకీ ఒక్కో చిప్ మీద పడేవి. ఆ నాలుగు తిప్పుళ్లకీ 0 నుంచి 3 దాకా నంబర్లేసి వాటినే సీజన్లన్నారు.

పిల్ల చేసింది సరిగ్గా ఇదే. అట్టముక్క మీద 21 గళ్లు కోసింది. అయిదు వరుసలు, నాలుగు మూలలూ ఖాళీ, అచ్చం అసలు దానిలాగే. కింద నల్ల ఛార్టు మీద నక్షత్రాలకి గుర్తుగా బొట్టుబిళ్లలు అంటించి, మధ్యలో గుండుసూది గుచ్చి అట్టని తిప్పి చూపించింది. ఒక గడికి నల్లకాగితం అతికించింది. అసలు డిటెక్టర్‌లో 2010 జనవరిలో పాడైపోయిన గడి, మూడో మాడ్యూల్, అది. అట్ట తిప్పిన ప్రతిసారీ ఆ నల్లగడి కింద వేరే బిళ్లలు దాక్కుంటున్నాయి. అంటే నాలుగుచోట్ల నక్షత్రాలు వంతులవారీగా ఏడాదికో సీజన్ పోగొట్టుకునేవి. గళ్ల మధ్య సందులో పడ్డవి సరేసరి.

ఇది చిన్న విషయమా? గ్రహం తన నక్షత్రం ముందుకొచ్చినప్పుడు వెలుగు కాస్త తగ్గుతుంది, కెప్లర్ గ్రహాన్ని పట్టేది దానితోనే. ఏడాదికోసారి అలా ముందుకొచ్చే గ్రహం ఆ గుడ్డి సీజన్‌లోనే వస్తే ఏళ్ల తరబడి చూసినా దొరకదు. అందుకే నక్షత్రం ఉన్న చోటు తీసుకుని అది చిప్ మీద పడిందా లేదా అని నాలుగు సీజన్లకీ విడివిడిగా లెక్కేసి చూడాలి. చిప్ మీద పడినా సరిపోదు, ముందే ఎంచుకున్న సుమారు 1,50,000 నక్షత్రాల జాబితాలో ఉండాలి. ఆ నక్షత్రాలు పడ్డ పిక్సెళ్లనే, అంటే చిప్ మీది చిన్న చుక్కల్నే, భూమికి పంపేది. ఇదంతా పిల్ల గడగడా చెప్పింది.

చెప్పింది తెలుగులో. అసలు తంటా అక్కడే వచ్చింది. "ఒడియాలో చెప్పు" అన్నారు. బజారులో, స్నేహితులతో అది ఒడియా చక్కగా మాట్లాడుతుంది. కానీ ఈ పాఠం నేను తెలుగులో చెప్తే నేర్చుకుంది. నోరు తడబడింది, మార్కులు పోయాయి. ఒడియాని నేనేమీ అనడం లేదు, మా ఇరుగుపొరుగు భాష అది. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పటి నుంచీ మేమూ ఇక్కడి వాళ్లమే. కానీ తెలుగులో చదివించాలంటే పిల్లల్ని సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం వైపు పంపుకోవాల్సిందేనా? సవర పిల్లలకి వాళ్ల భాషలోనే పుస్తకాలు రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరండీ ఇది! ఇక్కడ ఒక పిల్ల తన భాషలో సైన్స్ చెప్పడం తప్పయిందా?

రాత్రి అన్నం ముట్టలేదు అది. అట్టని పరుపు కిందికి తోసేసింది.

బహుమతి మార్చమని అడగను. ఆ జడ్జిగారు మా ఇంటికి రానక్కర్లేదు, మేమే అట్ట పట్టుకుని వస్తాం. పక్కన తెలుగు తెలిసిన మాస్టారొకరిని కూర్చోబెట్టుకుని నాలుగుసార్లు తిప్పి చూడండి. నల్లగడి కింద ఏ బిళ్ల పడుతోందో చూసి, అప్పుడు తప్పెక్కడుందో దానికే చెప్పండి.