నవలా హత్యలకు నాణ్యతా ప్రమాణాలు కావాలి

పెట్రోలు కొలతలో తేడా వస్తే తూనికలు కొలతల శాఖ ఉంది. పాలల్లో నీళ్లు కలిపితే పట్టుకునే అధికారులున్నారు. కొత్తగా వస్తున్న క్రైమ్ నవలల్లో నాసిరకం హత్యలు జరుగుతుంటే మాత్రం అడిగే నాథుడు లేడు. ఓరుగల్లు నేపథ్యం అని అట్ట మీద వేసుకున్నవాటి సంగతి మరీ దారుణం. శవం మనది, చావు లండన్‌ది.

కొనేముందు డాక్టర్ వచ్చే పేజీ తీసి చూడండి. మే నెల, మిట్టమధ్యాహ్నం, హన్మకొండలో ఒక రేకుల షెడ్డు. డాక్టర్ శవం మీద చెయ్యి వేసి "ఇంకా వెచ్చగానే ఉంది, పోయి గంట కూడా కాలేదు" అంటాడు. బతికున్న మనిషి ఒళ్లు 37 డిగ్రీలు. శవం చల్లబడాలంటే చుట్టూ అంతకన్నా చల్లగా ఉండాలి కదా! 44 డిగ్రీల షెడ్డులో అది చల్లబడదు సరికదా, ఇంకాస్త వేడెక్కుతుంది. ఈ డాక్టర్‌ గారి లెక్కన హత్య రేపు పొద్దున జరగాలి.

శవం బిగుసుకోవడం చూసి ఎప్పుడు పోయాడో చెప్పొచ్చు గానీ, దానికీ మన ఎండ అడ్డమే. కనురెప్పలు, దవడ ముందు బిగుస్తాయి, తర్వాత మెడ, చేతులు, ఆఖరుకు కాళ్లు. వేడిలో ఇది తొందరగా మొదలై తొందరగా వదులుతుంది. అందుకే అసలు డాక్టర్ "ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల మధ్య" అంటాడు. "రాత్రి 11:42కు" అన్నవాడి పేరు అనుమానితుల జాబితాలో మొదట రాసుకోవడం మంచిది.

తర్వాత, లోపల గొళ్లెం పెట్టి ఉన్న గది. హంతకుడు ఎలా వచ్చాడు, ఎటు పోయాడు? ఇన్‌స్పెక్టర్ మూడు అధ్యాయాలు తల పట్టుకుంటాడు. ఇల్లేమో గూనపెంకులది! ఆ పెంకులకు మేకులుండవు, ఒకదాని మీద ఒకటి పేర్చినవే. పక్కకు జరిపి, కింది కర్రలు నాలుగు తప్పిస్తే మనిషి దిగొచ్చు. మన ఊళ్లల్లో కోతులు రోజూ సగం పని చేసిపెడుతూనే ఉన్నాయి. ఇట్లాంటి కథకు స్లాబు ఇల్లు కావాలి. లేదా కోతుల వాంగ్మూలం తీసుకోవాలి.

వేయిస్తంభాల గుడి నుంచి ఖిలా వరంగల్‌కు సొరంగం ఉందని మనవాళ్లు చెప్పుకుంటారు గదా, హంతకులంతా అందులోనే పారిపోతున్నారు. డిటెక్టివ్ కథకు పది నియమాలు పెట్టిన రోనాల్డ్ నాక్స్ రహస్య మార్గం ఒకటికి మించొద్దని 1929లోనే రాశాడు. మనవాళ్లు నియమం తప్పలేదు, నవలకు ఒకటే. కాకపోతే అందరిదీ అదే ఒకటి కాబట్టి, రద్దీ దృష్ట్యా లోపల ట్రాఫిక్ సిగ్నల్ పెట్టాలి.

శవాన్ని భద్రకాళి చెరువులో ముంచేవాళ్లకు ఒక సూచన. స్థానికత కోసం రామప్ప ఇటుకలు కట్టకండి, అవి నీళ్ల మీద తేలతాయి. మామూలు బండ కట్టినా అది తగినంత బరువుండాలి. ఎండాకాలం ఒకట్రెండు రోజుల్లోనే లోపల గ్యాసు పట్టి శవం పైకొస్తుంది.

సెక్షన్ కూడా చూడండి. 2024 జులై 1 తర్వాత జరిగిన హత్యకు పాత ఐపీసీ 302 వేస్తే ఆ ఎస్సైకి మెమో ఇవ్వాలి. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 103. అంతకుముందు జరిగిన హత్యయితే 302 సరైనదే, రచయితను వదిలేయండి.

ఇక చివరి అధ్యాయం. సీఐ అందరినీ హాల్లో కూర్చోబెట్టి, ఒక్కొక్కరి మొహం చూసి, చటుక్కున ఒకరి వైపు వేలు చూపిస్తాడు. హంతకుడు ఏడ్చుకుంటూ పదిహేను పేజీలు నేరం ఒప్పుకుంటాడు. పోలీసుకు చెప్పిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదని భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ చెప్తున్నది. కస్టడీలో అతను చెప్పినదాన్ని బట్టి కత్తో, రక్తం మరకల చొక్కానో దొరికితే, దానికి సంబంధించిన మాట వరకే పనికొస్తుంది. అందుకే పోలీసులు సాక్షులుగా పంచులను వెంటబెట్టుకొని పోయి, దొరికినదానికి అక్కడే పంచనామా రాస్తారు. మన నవలలో ఆ కత్తిని మూడో అధ్యాయంలోనే కొలిమిలో కరిగించేశారు. ఇంకేముంది, కేసు కొట్టేస్తారు, హంతకుడు దర్జాగా ఇంటికి పోతాడు. దీన్నే ప్రచురణకర్తలు ఆఖరి పేజీలో "రెండో భాగం త్వరలో" అని అచ్చు వేస్తున్నారు.