మాను మాత్రం మానదు

విజయనగర్‌లో మా ఇంటి ముందు ఒక కానుగ చెట్టుంది, ఇక్కడి కన్నడవాళ్ళు హొంగె అంటారు. పోయినేడు వానలకి ముందు కరెంటు తీగలకి తగుల్తోందని ఎవరో వచ్చి రెండు పెద్ద కొమ్మలు కొట్టేసి పోయారు, ఒకటి మాను చెక్కినట్టు నున్నగా కోశారు, ఇంకోదానికి జానెడు మోడు వదిలేశారు. "ఏం కాదులేప్పా, నాల్గు నెలల్లో మానిపోతుంది" అని మా ఓనర్ అంకుల్ గేటుకి మిగిలిన నల్ల పెయింట్ తెచ్చి పూసేశాడు కూడా.

తమాషా ఏంటంటే మనం చెట్టునీ మాను అంటాం, పుండు తగ్గడాన్నీ మానడం అంటాం, కానీ మాను మాత్రం మానదు. మనకి తెగితే అదే చోట కొత్త చర్మం వస్తుంది, చెట్టుకి దెబ్బ తగిలిన కట్టె మళ్ళీ బాగుపడదు, దాన్ని లోపలే గోడలు కట్టినట్టు మూసేసి, కుళ్ళు అవతలికి రాకుండా ఆపి, పైన కొత్త కట్టె కప్పుకుంటూ పోతుంది అంతే. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లని నిలువునా కోసి చూసి 1977లో ఈ లెక్క తేల్చాడు. గాయానికి పెయింట్ పూస్తే కుళ్ళు ఆగదని చెప్పింది కూడా ఆయనే. మన దగ్గర ఇంకా తారూ సిమెంటూ పూస్తూనే ఉన్నారు.

కప్పే పని చేసేది బెరడుకీ కట్టెకీ మధ్య జిగురుగా ఉండే పల్చటి పొర, కేంబియం. తెగిన అంచు దగ్గర కణాలు అప్పటిదాకా చేస్తున్న ఉద్యోగం మర్చిపోయి మళ్ళీ చీలడం మొదలుపెడతాయి, ఆ ముద్దనే కాలస్ అంటారు. మర్చిపోయేలా చేసే ఒక జీన్‌ని, విండ్1 అని, 2011లో జపాన్‌లోని రికెన్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు ఆవాల కుటుంబానికి చెందిన ఒక చిన్న మొక్కలో పట్టుకున్నారు. ఆ ముద్ద ఏమవ్వాలన్నది హార్మోన్ల పాళ్ళని బట్టి ఉంటుంది, ఆక్సిన్ ఎక్కువైతే వేరు, సైటోకైనిన్ ఎక్కువైతే చిగురు, 1957లోనే స్కూగ్, మిల్లర్ పొగాకు మీద చూపించారు. మా అమ్మ మందారం కొమ్మ విరిచి కుండీలో గుచ్చితే వేళ్ళు రావడం కూడా ఇలాంటిదే, పైనుంచి దిగే ఆక్సిన్ కోసిన చోట పోగుపడుతుంది.

నాకు చిరాకు ఎక్కడంటే, తల కొట్టేసిన చెట్టుకి గుబురుగా చిగుళ్ళు రాగానే "చూశారా ఎంత బాగా వచ్చిందో" అంటారు. అది బాగా రావడం కాదు, ఆకులు పోయి తిండి లేక బెరడు కింద నిద్రపోతున్న మొగ్గల్ని లేపి దాచుకున్న పిండిపదార్థమంతా ఖర్చుపెట్టడం. పైపైన అతుక్కుని వచ్చిన ఆ కొమ్మలు లావయ్యాక మే నెల గాలివానకి విరిగి కార్ల మీద పడితే అప్పుడు తప్పు చెట్టుది (ఫుట్‌పాత్ కోసం వేళ్ళు నరికిన సంగతి వేరే).

కొమ్మ మొదట్లో కొంచెం ఉబ్బెత్తుగా మెడలాంటిది ఉంటుంది, దాన్ని వదిలి దానికి ఇవతల కోస్తే చాలు. కింద విరిగిన వేలు లావు కొమ్మని నేను అలాగే కోశాను, ఇప్పుడు చుట్టూ గారెలాగా అంచు లేచి మధ్య చిల్లు పూడిపోతోంది. ఆ మెడతో సహా నున్నగా కోసినదానికి రెండు పక్కలే అంచు వచ్చింది, పైనా కిందా లేదు. మోడుకి బెరడు ఊడి చీమలు పట్టాయి, అంకుల్ పెయింట్ పెచ్చులు లేచింది.

మొన్న మళ్ళీ కొట్టడానికి వచ్చినప్పుడు చాక్‌పీస్‌తో గీత గీసి ఇక్కడ కొయ్యండన్నా అని నా వచ్చీరాని కన్నడలో అడిగాను. వాళ్ళలో పెద్దాయన నవ్వి సరిగ్గా గీత మీదే కోశాడు, రెండు నిమిషాలు కూడా ఎక్కువ పట్టలేదు.