‘మన కోచ్‌లకు చేతకాదు’ అనడం తప్పు

2027 ఆసియా కప్‌కు ఇండియా అర్హత సాధించలేదని తేలినప్పటి నుంచి మా తిరుపతి ఫుట్‌బాల్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. "ఖాలిద్ జమీల్ టీమ్‌ను ముంచేశాడు. ఇండియన్ కోచ్ ఏనాడూ ఏమీ గెలిపించలేదు. ఫారిన్ కోచ్ వస్తేనే బాగుపడతాం" అని. ఇందులో ఒక్క మాట కూడా నిలబడేది కాదు.

ఇండియా టీమ్ కోచ్‌గా ఖాలిద్ పగ్గాలు తీసుకున్నది 2025 ఆగస్టులో. అప్పటికే రెండు క్వాలిఫయర్లు (అర్హత మ్యాచ్‌లు) అయిపోయాయి. షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0, హాంకాంగ్‌లో 0-1 ఓటమి. ఆరు పాయింట్లకు మనకు దక్కింది ఒక్కటి. ఆ రెండు మ్యాచ్‌లకూ కోచ్ స్పెయిన్‌కు చెందిన మనోలో మార్కెజ్. గ్రూపులో మొదటి స్థానం వచ్చినవాళ్లకే ఛాన్స్ ఉన్నప్పుడు అది చిన్న నష్టం కాదు. మడ్గావ్‌లో సింగపూర్‌పై ముందు గోల్ కొట్టి కూడా 1-2తో ఓడామే, అది మాత్రం ఖాలిద్ ఖాతాలోదే, కాదనను. కానీ వచ్చిన కొత్తలోనే తజికిస్తాన్‌ను వాళ్ల గడ్డ మీద 2-1తో ఓడించిందీ ఆయన టీమే.

ఇక ‘ఏనాడూ గెలిపించలేదు’ అన్నది చదివితే నిజంగా బాధేసింది. సయ్యద్ అబ్దుల్ రహీమ్‌ను ఇంత తేలిగ్గా మర్చిపోయామా? హైదరాబాద్‌లో పాఠాలు చెప్పిన టీచర్ ఆయన. 1951 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్లీ స్వర్ణం ఆయన చేతుల మీదుగానే వచ్చాయి. జకార్తాలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ అతన్ని కూర్చోబెట్టకుండా ఫార్వర్డ్‌గా దింపారు. సెమీస్‌లో గోల్ కొట్టాడు, దక్షిణ కొరియాపై ఫైనల్లోనూ కొట్టాడు. 2-1తో గెలిచాం. మరుసటి ఏడాదే క్యాన్సర్‌తో రహీమ్ చనిపోయారు.

ఫారిన్ కోచ్‌లంతా దండగ అని నేననను. బాబ్ హౌటన్, స్టీఫెన్ కాన్‌స్టంటైన్ హయాంలో ఆసియా కప్‌కు వెళ్లాం. అదే క్రొయేషియాకు చెందిన ఇగోర్ స్టిమాచ్ కోచ్‌గా ఉండగా 2024 ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లలో ఒక్క గోలూ లేదు. రెండు నెలలకే గువాహటిలో అఫ్గానిస్తాన్ చేతిలో ఓడాం. మనోలో ఎనిమిది మ్యాచ్‌లలో గెలిచింది ఒక్కటే.

అసలు మనవాళ్లకు అవకాశం ఎక్కడ ఇచ్చాం? మన క్లబ్‌లు ఆడే ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) 2014లో మొదలైతే, ఒక క్లబ్‌కు పూర్తిస్థాయి హెడ్ కోచ్‌గా తొలి ఇండియన్ రావడానికి 2021 దాకా పట్టింది. ఆయన కూడా ఖాలిదే. అంతకుముందే 2017లో మిజోరంలోని ఐజ్వాల్ లాంటి చిన్న క్లబ్‌ను ఐ-లీగ్ అనే జాతీయ లీగ్‌లో ఛాంపియన్ చేసి చూపించారు.

మొన్న పొద్దున యూనివర్సిటీ గ్రౌండ్‌లో, కోన్‌లు లేక ఇటుక ముక్కలు పేర్చి పిల్లలకు డ్రిబ్లింగ్ నేర్పిస్తున్న కోచ్‌ను ఒక పిల్లాడు ఈ మెసేజ్ చూపించి "నిజమేనా సార్?" అని అడిగాడు. ఆయన ఏమీ మాట్లాడలేదు, విజిల్ ఊదారు. ప్రాక్టీస్ అయ్యాక ఆ పిల్లాడికి రహీమ్ గురించి నేనే చెప్పాను. ఆ పేరే వాడు వినలేదు. "మన హైదరాబాద్ ఆయనా అన్నా?" అని రెండుసార్లు అడిగాడు.