చిన్న ఊరి వారపత్రిక: చందా పుస్తకంలోనే అసలు బలం

1922లో ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తి అనే పల్లె నుంచి ‘తెనుగు’ వారపత్రికను నడిపారు. ఈనాటి మండల కేంద్రపు వారపత్రిక యజమానికి సాధారణంగా సొంత ప్రెస్సు ఉండదు. పేజీలు డీటీపీలో కట్టించి, పీడీఎఫ్‌ను జిల్లా కేంద్రంలోని ఆఫ్‌సెట్ ప్రెస్సుకు పంపుతాడు. అచ్చు బాధ తప్పినా సంపాదకుడు, ప్రకటనల ఏజెంటు, బాకీలు వసూలు చేసే గుమాస్తా ముగ్గురూ అతనే.

ముందు అచ్చు లెక్క చూద్దాం. ఎనిమిది పేజీల టాబ్లాయిడ్‌కు (మామూలు దినపత్రికలో సగం సైజు) 45 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు 45 గ్రాములు తూగే న్యూస్‌ప్రింట్ వాడితే కాపీ సుమారు 20 గ్రాములు తూగుతుంది. 2,000 కాపీలకు 40 కిలోలు. దీనికి తరుగు కలపాలి. సిరా సమంగా పడి, రంగులు ఒకదాని మీద ఒకటి కుదిరేదాకా వచ్చే కాపీలన్నీ చిత్తుకాగితాలే. లక్షల కాపీలు కొట్టే దినపత్రికకు ఆ తరుగు ఆనదు, రెండు వేలు కొట్టేవాడికి నడుం విరుగుతుంది. పేజీని అచ్చువేసే రేకుల, అంటే ప్లేట్ల ఖర్చూ కాపీలు ఎన్నైనా అంతే. అందుకే తెలిసినవాళ్లు ఒకటో, ఎనిమిదో పేజీలకే రంగు వేస్తారు. ఆ రెండూ షీటుకు ఒకే వైపు పక్కపక్కన పడతాయి కాబట్టి రంగుకొకటి చొప్పున నాలుగు ప్లేట్లతోనే రెండింటికీ పని జరుగుతుంది. చివరి పేజీలో ఒక రంగు ప్రకటన దొరికితే మొదటి పేజీ రంగు ఖర్చు దాంట్లోనే వెళ్లిపోతుంది.

ఇరకాటమంతా ఆ ప్రకటన ఎవరిదన్న దగ్గరే. ఉగాది, సంక్రాంతి శుభాకాంక్షలు స్థానిక నాయకుడివి. జూన్‌లో అడ్మిషన్ల ప్రకటన ప్రైవేటు బడిది. ఆ నాయకుడి కాంట్రాక్టుల మీద, ఆ బడి ఫీజుల మీద రాయాల్సిందీ ఈ పత్రికే. పైగా ప్రకటనలు అరువు మీద వస్తాయి, ప్రెస్సుకు మాత్రం నగదు కట్టాలి. బిల్లు రాని నెలలో కలం మెత్తబడుతుంది. విలేకరుల నీతి గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఒకసారి ఆ బాకీల పద్దు తిరగేస్తే బాగుండు.

చందా డబ్బు ముందే వస్తుంది, చిన్న మొత్తాల్లో వస్తుంది. ఒక్క చందాదారు అలిగినంత మాత్రాన పత్రిక ఆగదు. అయినా చాలామంది దీన్నే నిర్లక్ష్యం చేస్తారు. గడువు తీరినా మొహమాటానికి పత్రిక పంపుతూ పోతారు. కాపీలు పెరుగుతాయి, డబ్బు రాదు. చిరునామా స్లిప్పు మీద గడువు తేదీ వేసి, నాలుగు వారాల ముందే గుర్తుచేస్తే సగం సమస్య తీరుతుంది.

1867 నాటి చట్టం పోయి, 2024 మార్చి 1 నుంచి కొత్త పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం అమల్లోకి వచ్చింది. నమోదు ఆన్‌లైన్‌లోకి మారింది. పరువునష్టం కేసు పడితే మాత్రం ఇంప్రింట్ లైనులో (ప్రచురణకర్త, సంపాదకుడి పేర్లు వేసే వరుసలో) పేరున్నవాడే కోర్టు మెట్లెక్కాలి. వాయిదా పేజీలు కట్టే రోజే పడితే ఆ వారం సంచిక సంగతి అంతే. అందుకే గట్టి కథనాన్ని కాగితం ఆధారం చేతికొచ్చేదాకా ఒక సంచిక ఆపడమే మేలు. వారపత్రికకు ఆ వెసులుబాటు ఉంది.