నాలా తొమ్మిదిన్నర మీటర్లే సార్!

రాష్ట్రం పెట్టుకున్న భూవినియోగ ఆశయాలకూ, హైదరాబాద్ వాననీటి నియమాలకూ పొంతన లేదని గిట్టనివాళ్లు అంటుంటారు. పచ్చి అబద్ధం. రెండూ ఎంత చక్కగా అతికాయంటే మధ్యలోంచి చుక్క నీరు పోదు. పోవాల్సింది నీరే కావడం ఒక్కటే చిక్కు.

2002లో వచ్చిన వాల్టా చట్టం నీరు, నేల, చెట్టు మూడింటినీ ఒకే తాటికి కట్టింది. ఆ ఆశయం 2012 నాటి భవన నిర్మాణ నియమాల 168 జీవోకి వచ్చేసరికి మీటర్ల లెక్కయింది. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (నిండు చెరువు నీటిమట్టం) నుంచి 30 మీటర్ల బఫర్, అంటే కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా. అంతకు తక్కువైతే 9. పది మీటర్లు దాటిన నాలాకు, అంటే వాననీటి కాలువకు, ఒక్కో వైపు 9, పది లోపు నాలాకు 2. ఈ అంకెలు చూసి పెదవి విరిచేవాళ్లకు లెక్కలు రావు. వచ్చినవాళ్లకు ఇందులో లంకెబిందెలు కనిపిస్తాయి.

12 మీటర్ల నాలా ఒకటి తీసుకోండి. రెండువైపులా తొమ్మిదేసి వదిలితే మొత్తం 30 మీటర్లు నీటిపాలు. అదే నాలాలోకి ఒక్కో గట్టు నుంచి మీటరుంబావు మట్టి జరిగిందనుకోండి. ఎవరు జరిపారని అడక్కండి, మన ఊళ్లో మట్టికి కాళ్లుంటాయి. నాలా తొమ్మిదిన్నరకు వస్తుంది, బఫర్ రెండుకు దిగుతుంది, మొత్తం పదమూడున్నర. మింగింది రెండున్నర మీటర్లు, దక్కింది పదహారున్నర. వంద మీటర్ల పొడవుకు 1,970 గజాల పైచిలుకు. పాత గ్రామ నక్షా పట్టుకుని అసలు వెడల్పు అడిగే మొండిఘటం తగిలేదాకా ఈ లెక్కకు తిరుగులేదు.

చెరువు సంగతి ఇంకా మేలు. పది హెక్టార్లంటే 24 ఎకరాల 28 గుంటలు. సరిగ్గా అంతే ఉన్న గుండ్రటి చెరువు రికార్డులో ఒక్క గుంట తగ్గితే చాలు, బఫర్ 30 నుంచి 9కి పడిపోయి, చుట్టూ ఆరెకరాల పైన నేల బయటపడుతుంది. గుంట ఇచ్చి ఆరెకరాలు తెచ్చే పంట ఇంకోటి ఉంటే వ్యవసాయ శాఖ చెప్పాలి.

అసలు ఎఫ్‌టీఎల్ అనేది గీత కాదు, మట్టం. మిగులు నీరు పొర్లిపోయే అలుగు ఎంత ఎత్తులో ఉంటే నీరు అక్కడిదాకా నిలుస్తుంది. ఒడ్డు 200కి 1 వాలు ఉన్నచోట అలుగును రాత్రికి రాత్రి 30 సెంటీమీటర్లు చెక్కేస్తే నీళ్లు 60 మీటర్లు వెనక్కి నడుస్తాయి. తెల్లారి వెళ్లి చూస్తే చెరువు లోపలి శికం భూమి మెట్టభూమిగా కనిపిస్తుంది. కొలిచేవాడు గట్టు మీద నిలబడి తడి ఎక్కడుందో చూస్తాడు గానీ, అలుగు మీద కొత్త గునపం దెబ్బలు చూడడు.

మిగిలిన ఆ కాస్త బఫర్ కూడా వృథా కాకూడదని నియమం ముందుచూపు చూపింది. దాన్ని పిల్లల ఆటస్థలం కింద, ఖాళీ స్థలం కింద లెక్కేసుకోవచ్చు. జారుడుబల్ల కింద నీళ్లు ఉచితం.

ఇక నగరం గర్వంగా చూపించే ఇంకుడు గుంత. ఎకరం నేల మీద గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే రెండు లక్షల లీటర్లు. మట్టినేల అందులో ఐదో వంతును బయటికి వదిలితే 40 వేలు. కాంక్రీటు పరిచాక తొంభై శాతం పారుతుంది, లక్షా ఎనభై వేలు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 36. వీటికి ఎదురుగా రెండు మీటర్ల చదరం, రెండు మీటర్ల లోతు గుంత ఒకటి. అడుగున పెద్ద కంకర, పైన చిన్న కంకర, ఆపైన ఇసుక. రాళ్ల సందుల్లో పట్టేది మూడు వేల లీటర్ల చిల్లర. మట్టి దిగే చిన్న తొట్టి ముందు కట్టకపోతే రెండో వానకే ఇసుక పొర బురదతో బిగుసుకుంటుంది. కింద పరుపుబండ తగిలితే అది గుంత కాదు, తొట్టి. పైపును నేలమట్టానికి నాలుగంగుళాలు ఎత్తున పెట్టిన చోట్ల ఈ బాధలేవీ లేవు, నీరు అసలు లోపలికే రాదు. ఫొటోలో మాత్రం కంకర మిలమిలా మెరుస్తుంది.

లేఅవుట్‌లో ఖాళీ స్థలం వదల్లేదా? 2020 నాటి ఎల్‌ఆర్‌ఎస్‌లో (అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే పథకంలో) ప్లాటు విలువపై 14 శాతం కట్టేస్తే సరి. ఇకపై వాన ఆ రశీదు మీద పడి ఇంకుతుంది.

నగర నియమం కన్నా రాష్ట్రం మాట గట్టిగా ఉన్నచోటు ఒకటుండేది. 1908 మూసీ వరద నేర్పిన పాఠంతో కట్టిన జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) చుట్టూ 84 గ్రామాల్లో, లేఅవుట్‌లో 60 శాతం రోడ్లకూ ఖాళీకీ వదలాలని 1996లో 111 జీవో చెప్పింది. 2022లో 69 జీవో ఆ ఆంక్షలు ఎత్తేసింది. పొంతన అంటే అదీ.

ఇంతా చేసి, జడివాన పడితే నీళ్లు చేరేది సెల్లార్‌లోకే. ర్యాంపు నెత్తిన జానెడు ఎత్తు గడప కట్టి ఉంటే రోడ్డు నీళ్లు ఆగేవి, కారు కడుపు తగులుతుందని తీసేయించారు. వాచ్‌మన్ మోటారు వేస్తాడు. పైపు కొస గేటు బయట రోడ్డు మీద ఉంటుంది. రోడ్డు వాలు గేటువైపే ఉంటుంది. తోడిన నీళ్లు ర్యాంపు మీదుగా మళ్లీ అదే సెల్లార్‌లోకి దిగుతాయి, మోటారు వాటిని మళ్లీ తోడుతుంది. వాననీటి పునర్వినియోగం తెల్లవార్లూ నడుస్తుంది, కరెంటు ఉన్నంతసేపూ.