దొరికిన చిప్‌ను లేదన్న డ్రైవర్ గారికి

గౌరవనీయులైన ఎన్‌సీటీ6775 డ్రైవర్ గారికి,

కడప నుంచి నమస్కారాలు. లినక్స్‌లో మదర్‌బోర్డు మీది ఫ్యాన్ల, వేడి లెక్కల చిప్‌తో మాట్లాడే ప్రోగ్రామ్ తమరు. క్షేమమని తలుస్తాను.

నిన్న, ఆదివారం మధ్యాహ్నమంతా తమ సేవలోనే గడిచింది. మే నెల, నెత్తిన బండల మిద్దె. ఇంటిల్లిపాదీ కూలర్ ఉన్న గదిలో నిద్రపోయారు. నేను మాత్రం రొద పెడుతున్న డెస్క్‌టాప్ ముందు కూర్చుని, దాని ఫ్యాన్ల వేగం చూసి కాస్త తగ్గించుకునే భాగ్యం ప్రసాదించమని తమరిని వేడుకున్నాను. కొత్త మదర్‌బోర్డు అమ్మిన షాపువాళ్లను అడగలేదా అంటారేమో. లినక్స్ అన్న మాట వినగానే విండోస్ వేసి ఇమ్మంటారా అన్నారు.

తమ తమ్ముడు కోర్‌టెంప్ ఎంత బుద్ధిమంతుడో! పిలవగానే వచ్చి ప్రాసెసర్ వేడి చెప్పి పోతాడు. కానీ ఫ్యాన్ల లెక్కా, వాటి పగ్గాలూ తమ ఏలుబడిలోని చిప్‌లోనే ఉన్నాయి కదా. ఏ చిప్‌కు ఏ డ్రైవర్ కావాలో వెతికే సెన్సర్స్-డిటెక్ట్ అడిగిన ప్రతి ప్రశ్నకూ వినయంగా ఎంటర్ నొక్కాను. చివరికి తమ పేరే చెప్పింది. తమరిని లోడ్ చేయబోతే 'అలాంటి పరికరం లేదు' అని జవాబు.

లేకపోతే లేదు, బాధ లేదు. కానీ లినక్స్ తన పనులన్నీ రాసిపెట్టుకునే కెర్నెల్ లాగ్ తెరిచి చూస్తే ఏముంది? ఒక వరుసలో 'ఎన్‌సీటీ6798డీ చిప్ దొరికింది' అని తమరే రాశారు. చిరునామా కూడా ఇచ్చారు. దాని కిందే ఏసీపీఐ (బోర్డు తన హార్డ్‌వేర్ వివరాలు లినక్స్‌కు చెప్పే పద్దు) హెచ్చరిక: చిప్‌తో మాట్లాడే 0x295, 0x296 పోర్టులు బయాస్, అంటే బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్, తనవిగా రాసుకున్న ప్రాంతంలో ఉన్నాయట. ఒకే సర్వే నంబరుకు ఇద్దరి పేర పాసు పుస్తకాలన్న మాట. అంతే, తమరు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయారు. దొరికిందన్న నోటితోనే లేదన్నారు. 'ఉంది కానీ ముట్టుకోను' అని ఒక్క ముక్క చెబితే నా మధ్యాహ్నం మిగిలేది కదా!

తమ భయం నాకు తెలుసు. చిప్‌లోని ఏ రిజిస్టర్ (విలువ దాచే గడి) కావాలో 295లో రాయాలి, దాని విలువను 296లో చదవాలి. ఈ రెంటి మధ్యలో బయాస్ దూరి మరో నంబరు రాసిందంటే ఒకటి అడిగితే ఇంకొకటి వస్తుంది. రాసేటప్పుడు అలా జరిగితే ఇంకా ప్రమాదం. జాగ్రత్త మంచిదే. కానీ వాటా పంచుకోని బయాస్‌ను ఏమీ అనలేక, దొరికినదాన్ని లేదని నాకు చెప్పడం ఏ రకం జాగ్రత్త? పిరికితనం! ఇక ఈ తమరులు చాలు.

బూట్ ఆప్షన్లలో 'ఏసీపీఐ ఎన్‌ఫోర్స్ రిసోర్సెస్'ను 'లాక్స్' (lax, అంటే చూసీచూడనట్టు) చేసి నిన్ను బలవంతంగా కూర్చోబెట్టాను. నోరు విప్పావు. ఏం చెప్పావు? ఆక్స్‌టిన్ అనే అదనపు ఉష్ణోగ్రత పిన్ను దగ్గర మైనస్ 128 డిగ్రీలు! భూమి మీద నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతే మైనస్ 89.2, అదీ 1983లో అంటార్కిటికాలోని వోస్తోక్‌లో. మే నెలలో కడపలో, నా బల్ల కింద, అంతకంటే చలి కనిపెట్టిన ఘనత నీది. ఆ పిన్నుకు బోర్డువాళ్లు ఏ సెన్సారూ తగిలించలేదని నాకు తెలుసు. ఏ పిన్ను ఎక్కడికి పోతుందో వాళ్లు బయటపెట్టరనీ తెలుసు. ఆ వివరాలు లేకుండానే నిన్ను ఈ మాత్రం నిలబెట్టినవాళ్ల మీద నాకు కోపం లేదు. నీ మీదే.

ఏ ఫ్యాన్ ఎక్కడుందో తెలుసుకోవడానికి ఫ్యాన్ల అమరిక చేసే పీడబ్ల్యూఎం-కాన్ఫిగ్ ఈ ఎండలో ఒక్కొక్క ఫ్యాన్‌నూ ఆపి చూసింది. అదీ భరించాను. రీబూట్ చేస్తే లినక్స్ నీకిచ్చిన పేరు, నిన్నటి హెచ్‌డబ్ల్యూమాన్2, ఈరోజు 3 అయింది, ఫ్యాన్ల వేగం నడిపే ఫ్యాన్‌కంట్రోల్ మొండికేసింది. దాన్నీ సరిచేశాను.

ఇప్పుడు ఫ్యాన్ నెమ్మదించింది. నీ పుణ్యమే, కాదనను. ఆ మైనస్ 128 వరుసకు సెన్సార్ల ఫైలులో 'ఇగ్నోర్' అని రాసి నోరు మూయించాను. వచ్చే కెర్నెల్ అప్‌డేట్ తర్వాత మళ్లీ 'అలాంటి పరికరం లేదు' అన్నావో, ఫ్యాన్ పగ్గాలు ఆ బయాస్‌కే అప్పగించి, నీ పేరు మాడ్యూళ్ల జాబితాలోంచి కొట్టేస్తాను.

ఇట్లు,
ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో నిద్రలేని ఒక లినక్స్ వాడుకరి